బ్యాంకు, చట్టం, మన డబ్బు: సీమవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకు కౌంటరు వెనక చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి కర్నూలులో కనబడినా, కడపలో కనబడినా, అనంతపురంలో పెళ్లి భోజనాల దగ్గర దొరికినా జనం నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గి ఇక్కడ రాసి పెడుతున్నా. వడ్డీ రేట్లు, పరిమితులు మారుతుంటాయి, సంతకం పెట్టే రోజు బ్రాంచిలో మళ్లీ అడగండి.

బోర్డు మీద ‘బ్యాంకు’ అని రాసుంటే అది బ్యాంకేనా?

అలాగని ఏం లేదు. బ్యాంకింగ్ అంటే ఏమిటో 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 5(బి) సెక్షన్‌లో చెప్పింది. అప్పులివ్వడానికో పెట్టుబడి పెట్టడానికో జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని, అడిగినప్పుడో గడువు తీరాకో తిరిగివ్వడం, చెక్కుతోనో డ్రాఫ్టుతోనో ఇంకో రకంగానో ఆ డబ్బు తీసుకునే వీలు కల్పించడం. ఈ పని చేయాలంటే 22వ సెక్షన్ కింద రిజర్వ్ బ్యాంకు లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా పేరులో ‘బ్యాంకు’ అని తగిలించుకోవడం కూడా 7వ సెక్షన్ ప్రకారం కుదరదు. కాబట్టి ఏ కొత్త ఆఫీసుకైనా వెళ్లి మొదట అడగాల్సింది ‘వడ్డీ ఎంత’ అని కాదు, ‘లైసెన్సు ఎవరిచ్చారు’ అని. కాపీ చూపించమనండి. ఏసీ గది, సఫారీ సూటు, గోడ మీద మంత్రిగారితో ఫొటో ఇవేవీ లైసెన్సు కిందికి రావు.

ఇంకో సంగతి. మీరు ఖాతాలో వేసిన డబ్బు చట్టం దృష్టిలో బ్యాంకు సొంతం అయిపోతుంది, బ్యాంకు మీకు బాకీ పడుతుంది. పాస్‌బుక్‌లో కనబడే అంకె ఆ బాకీ లెక్క, అంతే. లాకరు సంగతి వేరు, అందులోని నగలు మీవే. ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి, దొంగతనమో అగ్నిప్రమాదమో సిబ్బంది మోసమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. ఏడాదికి 2,000 అద్దె కడుతుంటే 2 లక్షలు. ముప్పై తులాలు లోపల పెట్టినవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుని చూడండి.

నేను వేసిన లక్ష రూపాయలు బ్యాంకు బీరువాలోనే ఉంటాయా?

ఉండవు. ఇప్పటి లెక్కన 3 శాతం, అంటే 3,000 రూపాయలు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి, దీన్నే సీఆర్ఆర్ అంటారు, దాని మీద బ్యాంకుకు పైసా వడ్డీ రాదు. ఇంకో 18 శాతం ఎస్ఎల్ఆర్ కింద ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. మిగతా 79,000 అప్పులకు పోతుంది. అందులోనూ బ్యాంకుకు పూర్తి స్వేచ్ఛ లేదు. మొత్తం అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, ఆ 40లో 18 వ్యవసాయానికి, ఆ 18లో 10 సన్న, చిన్నకారు రైతులకే ఇవ్వాలన్న లక్ష్యాలున్నాయి. ‘మా బ్రాంచి రైతులకు ఇవ్వదు’ అని ఎవరైనా అంటే ఆ మాట వెనక ఎక్కడో ఒక లక్ష్యం తప్పుతోందని అర్థం.

ఆ 79,000 ధర్మవరంలో ఒక మగ్గాల ఆసామికి అప్పుగా వెళ్లిందనుకోండి. ఆయన పట్టు నూలు కొని వ్యాపారికి ట్రాన్స్‌ఫర్ చేస్తాడు, ఆ వ్యాపారి ఖాతాలో అది మళ్లీ డిపాజిట్. ఇప్పుడు మీ పాస్‌బుక్‌లో లక్ష అలాగే ఉంది, వ్యాపారి ఖాతాలో 79,000 కొత్తగా పుట్టింది. దేశంలో చెలామణిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం ఇలా అప్పుల్లోంచి పుట్టిందే. అందుకే అందరూ ఒకే రోజు వచ్చి నా డబ్బు ఇవ్వమంటే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. ఆ రోజు ఆదుకోవడానికే పైన రిజర్వ్ బ్యాంకు ఉంది.

రిజర్వ్ బ్యాంకులో మనం ఖాతా తెరవచ్చా? అసలు అది ఏం చేస్తుంది?

మామూలు పొదుపు ఖాతా అక్కడ ఉండదు, అది బ్యాంకులకు బ్యాంకు. 1934 చట్టం కింద 1935 ఏప్రిల్ 1న మొదలైంది, 1949 జనవరి 1న ప్రభుత్వపరమైంది. నోట్లు వేస్తుంది, బ్యాంకులకు లైసెన్సులిస్తుంది, తనిఖీ చేస్తుంది, తప్పు చేస్తే జరిమానా వేస్తుంది.

టీవీలో వచ్చే రెపో రేటు అంటే బ్యాంకులు దాని దగ్గర తక్కువ రోజులకు డబ్బు తెచ్చుకునే వడ్డీ. ఆరుగురు సభ్యుల కమిటీ దాన్ని నిర్ణయిస్తుంది. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపు ఉంచడం వాళ్ల పని. రెపో తగ్గిందంటే ఫ్లోటింగ్ రేటు మీద ఇంటి లోను తీసుకున్నవాళ్లకు కొన్నాళ్లలో వడ్డీ తగ్గాలి, 2019 అక్టోబరు నుంచి కొత్త ఇంటి లోన్లు అలాంటి బయటి రేటుకే ముడిపెట్టి ఇస్తున్నారు. తగ్గకపోతే బ్రాంచికి వెళ్లి అడగండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మాత్రం బ్యాంకు ఇష్టం.

మనవాళ్లకు గర్వంగా చెప్పుకునే ముక్క ఒకటుంది. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న వై.వి.రెడ్డి గారు అప్పటి కడప జిల్లా మనిషి. మినిమమ్ బ్యాలెన్స్ గొడవ లేకుండా పేదవాడికీ ఖాతా ఇవ్వాలని 2005లో బ్యాంకులకు చెప్పింది ఆయన హయాంలోనే. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలకు అది అన్నలాంటిది.

ప్రభుత్వ బ్యాంకు, ప్రైవేటు, గ్రామీణ, సహకార: ఇన్ని రకాలెందుకు?

చరిత్ర అలా నడిచింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి బ్యాంకులు ఎక్కువగా పట్నాల్లో, వ్యాపార కుటుంబాల చేతుల్లో ఉండేవి. 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకైంది. 1969 జులై 19న ఇందిరాగాంధీ ప్రభుత్వం 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసింది. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, నష్టపరిహారం సరిగా లేదని, కొన్ని బ్యాంకులనే ఏరుకున్నారని. నాలుగు రోజులకే పరిహారం సరిచేసి కొత్త ఆర్డినెన్సు వచ్చేసింది! 1980 ఏప్రిల్‌లో ఇంకో ఆరు చేరాయి, వాటిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. మన జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘సిండికేట్‌కు పోయొస్తా’ అనే అంటారు.

పల్లెలకు అదీ చాలలేదని 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టారు. వీటిలో కేంద్రానికి 50 శాతం, రాష్ట్రానికి 15 శాతం, స్పాన్సర్ బ్యాంకుకు 35 శాతం వాటా. సహకార బ్యాంకులది ఇంకో దారి. ఊళ్లో సొసైటీ, జిల్లాలో కేంద్ర సహకార బ్యాంకు, పైన రాష్ట్ర సహకార బ్యాంకు, అంటే ఆప్కాబ్. జిల్లా బ్యాంకుకు లైసెన్సు రిజర్వ్ బ్యాంకుది, తనిఖీ నాబార్డుది, ఎన్నికలూ పాలకవర్గం వ్యవహారం రాష్ట్ర సహకార శాఖది. ఇంతమంది యజమానులున్న చోట రాజకీయం దూరకుండా ఎలా ఉంటుంది అని మీరు అడిగితే నా దగ్గర మంచి సమాధానం లేదు.

మా పాస్‌బుక్ మీద ‘ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు’ అని ఉంది. ఆ బ్యాంకు ఏమైంది?

పేరు మారింది, డబ్బు ఎక్కడికీ పోలేదు. రాయలసీమ, శ్రీ అనంత, పినాకిని గ్రామీణ బ్యాంకులు కలిసి 2006లో కడప కేంద్రంగా ప్రగతి అయ్యాయి. ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు ఉండాలని కేంద్రం నిర్ణయించడంతో 2025 మే 1న ప్రగతి, సప్తగిరి, చైతన్య గోదావరి, గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఇప్పుడు స్పాన్సర్ యూనియన్ బ్యాంకు. విలీనంలో అప్పులు, డిపాజిట్లు, కుదవ పెట్టిన నగలు అన్నీ కొత్త బ్యాంకుకే చేరతాయి, పాత ఒప్పందం నడుస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సి కోడు ఇప్పుడు ఏమిటో బ్రాంచిలో అడిగి రాయించుకోవడం, పింఛను, గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్ పడే ఖాతా ఆధార్‌తో ముడిపడే ఉందో లేదో చూసుకోవడం.

బ్యాంకు మునిగిపోతే మన డబ్బు గతేంటి?

1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిపోయి వేలమంది వీధిన పడ్డాక దేశంలో డిపాజిట్ బీమా ఆలోచన ఊపందుకుంది, 1962లో దానికోసం సంస్థ వచ్చింది. ఇప్పుడు దాన్ని డీఐసీజీసీ అంటారు. ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్షే ఉండేది, 1993 నుంచి అంతే. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు.

లెక్క ఎలా వేస్తారన్న దగ్గరే జనం పొరబడతారు. ఒకే బ్యాంకు ఆదోని బ్రాంచిలో 4 లక్షలు, గుంతకల్లు బ్రాంచిలో 4 లక్షలు మీ పేరు మీద ఉంటే రెండూ కలిపే చూస్తారు, వచ్చేది 5 లక్షలే. వేరే బ్యాంకులో ఉంటే దానికి వేరే 5 లక్షలు. భార్యాభర్తల జాయింటు ఖాతా విడిగా లెక్కలోకొస్తుంది. 2021 సవరణ తర్వాత, రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టి డబ్బు తీయనివ్వకపోతే 90 రోజుల్లో బీమా సొమ్ము అందాలి. ముంబైలో పీఎంసీ బ్యాంకు ఖాతాదారులు 2019 నుంచి పడిన అవస్థ వల్ల వచ్చిన మార్పు ఇది.

జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు ఈ బీమా ఉంది. ఊళ్లో సొసైటీలో వేసిన డిపాజిట్‌కు లేదు. రెండూ ఒకే గొడుగు కింద ఉన్నట్టు కనబడతాయి కానీ ఈ తేడా చాలా పెద్దది.

ఒక సొసైటీ వాళ్లు 13 శాతం వడ్డీ ఇస్తామంటున్నారు. వేయొచ్చా?

నేనైతే వేయను. మాక్స్ చట్టం అంటారే, 1995లో మన రాష్ట్రం తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, దాని కింద ఎవరైనా కొందరు కలిసి సంఘం పెట్టుకోవచ్చు. సభ్యుల మధ్య పొదుపు, అప్పు దాని ఉద్దేశం. అందులో నిజాయితీగా నడిచేవి ఉన్నాయి, మహిళా సంఘాలు ఎన్నో ఉన్నాయి. అయితే 500 రూపాయలకు సభ్యత్వం రాసి, కాలేజీ కుర్రాళ్లను ఏజెంట్లుగా పెట్టి, ఊరంతా డిపాజిట్లు ఎత్తేవి కూడా ఆ బోర్డు కిందే నడుస్తాయి. వాటి మీద రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణ లేదు, డిపాజిట్ బీమా లేదు. నిధి కంపెనీలదీ అదే సంగతి, సభ్యులతోనే లావాదేవీ, బీమా ఉండదు.

అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చింది, అంతకుముందే 1999లో మన రాష్ట్ర డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది. ఆస్తులు జప్తు చేసి పంచే అధికారం వాటిలో ఉంది. కానీ జప్తు, కోర్టు, వేలం అయ్యి చేతికి రూపాయి వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో, జనం దగ్గర డిపాజిట్లు ఎత్తి మునిగిన అగ్రిగోల్డ్ కంపెనీ బాధితులను అడగండి, మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. అనుమానం ఉంటే రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, ఫిర్యాదు కూడా అక్కడే చేయొచ్చు. చిట్టీ అయితే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు అడగండి. మొహమాటం వద్దు, బంధువే ఏజెంటైనా సరే.

నూటికి రెండు రూపాయలంటే తక్కువే కదా?

నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 9 శాతం అంటే నూటికి ముప్పావలా.

బంగారం కుదవ పెడితే ఎంతిస్తారు, ఏం చూసుకోవాలి?

మన ప్రాంతంలో అసలైన బ్యాంకింగ్ ఇదే. ప్రొద్దుటూరులో కొన్న నగ బీరువాలో ఉండే రోజులకంటే బ్యాంకులో ఉండే రోజులే ఎక్కువ. విత్తనాలకు వెళ్తుంది, కోతలకు విడిపిస్తారు, శ్రావణంలో మెడలోకి వస్తుంది, ఆషాఢంలో మళ్లీ లోపలికి.

రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు ఇచ్చింది, 2026 ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలని గడువు పెట్టింది. సొంత ఖర్చులకు తీసుకునే లోను రెండున్నర లక్షల లోపైతే నగ విలువలో 85 శాతం దాకా, 5 లక్షల లోపు 80, ఆపైన 75 శాతం. గడువు చివర్లో ఒకేసారి కట్టే లోనైతే అప్పటికి అయ్యే వడ్డీని కూడా కలిపి ఈ శాతం చూస్తారు, అందుకే అనుకున్నదానికంటే చేతికి కొంచెం తక్కువొస్తుంది. బిస్కెట్ల మీద లోను ఇవ్వరు, నగల మీద, కొంత పరిమితికి నాణేల మీద ఇస్తారు.

అప్రైజరు నగను గీటురాయి మీద గీసి తూకం వేసేటప్పుడు మీరు అక్కడే నిలబడాలి, అది మీ హక్కు. రాళ్లకు, లక్కకు, దారానికి ఎంత తీసేశాడో, నికరం ఎన్ని గ్రాములో, ఎన్ని క్యారెట్లో రాసిన కాయితం మీకివ్వాలి. ఆ కాయితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదువురానివాళ్లకైతే సాక్షి ముందు వివరించాలి. నేను చూసినంతలో గొడవలన్నీ ఈ కాయితం లేకపోవడం వల్లే వచ్చాయి, ‘నేను పెట్టింది 42 గ్రాములు’, ‘కాదు 39’ అని.

బాకీ మొత్తం కట్టాక నగ అదే రోజో, ఎంత లేటైనా ఏడు పనిరోజుల్లోనో ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. కట్టకపోతే వేలం వేస్తారు, కానీ ముందుగా నోటీసు ఇవ్వాలి, పేపర్లో ప్రకటన వేయాలి, రిజర్వు ధర ప్రస్తుత విలువలో 90 శాతానికి తగ్గకూడదు (రెండుసార్లు ఎవరూ రాకపోతే 85). బాకీ పోను మిగిలిన డబ్బు మీదే, అడిగి తీసుకోండి. చాలామంది వేలం అయ్యాక సిగ్గుతో ఆ బ్రాంచి వైపే వెళ్లరు, ఆ మిగులు అక్కడే పడి ఉంటుంది.

పంట రుణానికి పొలం తనఖా పెట్టాలా? ఏటా రెన్యువల్ గొడవేంటి?

2025 జనవరి 1 నుంచి 2 లక్షల లోపు వ్యవసాయ రుణానికి ఎలాంటి తనఖా అడగకూడదు. అంతకుముందు ఇది లక్షా 60 వేలు. మీ అంతట మీరు బంగారం పెడతానంటే తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, బలవంతం మాత్రం చేయకూడదు. ‘బంగారం పెడితేనే ఇస్తా’ అన్న మాట నోటితో అంటారు తప్ప కాయితం మీద ఎవరూ రాయరు, కాబట్టి మీరు దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ మాట అనగానే సగం చోట్ల స్వరం మారుతుంది.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే కేంద్రం 3 శాతం తిరిగిస్తుంది, నికరంగా 4 పడుతుంది. లక్షన్నర మీద ఆ 3 శాతమే ఏడాదికి 4,500. దీనికోసమే మార్చి నెలలో ఒక చిత్రమైన తంతు నడుస్తుంది. రైతు దగ్గర కట్టడానికి డబ్బు ఉండదు, బయట ఎవరిదగ్గరో ఒకటి రెండు రోజులకు బదులు తెచ్చి పొద్దున కడతాడు, కొత్త లోను పడగానే ఆ బదులు తీర్చేస్తాడు. మధ్యలో ఆ ‘రెన్యువల్ ఫైనాన్స్’ ఇచ్చినవాడు కమిషన్ తింటాడు. 4,500 కోసం 3,000 ఇచ్చుకోవడం ఏం లాభమో లెక్క చూసుకోండి, కొన్నిసార్లు వడ్డీ వరకు మాత్రం కట్టి మిగతాది ఎలా తిప్పుకోవచ్చో బ్యాంకునే అడగడం మేలు.

బుడ్డలు (వేరుశనగ) వేసి వానలు ఎగ్గొట్టిన ఏడాది సంగతి అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మామూలు లోను 90 రోజులు కట్టకపోతే మొండిబాకీ అవుతుంది. తక్కువ కాలం పంటలకైతే రెండు పంట సీజన్లు, ఎక్కువ కాలం పంటలకు ఒక సీజను దాటాకే అలా రాస్తారు. పంట నష్టం 33 శాతం దాటి ప్రభుత్వం మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే, ఆ రుణాన్ని కొన్నేళ్లలో కట్టే టర్మ్ లోనుగా మార్చి, కొత్త పంటకు మళ్లీ అప్పు ఇచ్చే వీలుంది. ఇది మాఫీ కాదు, వాయిదా. దీన్ని జిల్లా, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీల్లో తేలుస్తారు, అనంతపురంలో లీడ్ బ్యాంకు, అంటే జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసేది, కెనరా. కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇచ్చేవాళ్లు కాపీ ఒకటి లీడ్ జిల్లా మేనేజరుకూ ఇవ్వండి.

బాకీ కట్టకపోతే పొలం వేలం వేస్తారా?

కోర్టుకు పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, 31వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఇల్లు, షాపు, ఫ్యాక్టరీకి వర్తిస్తుంది, 60 రోజుల నోటీసు ఇచ్చి. పొలం తనఖా పెట్టి ఉంటే బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోవచ్చు, సహకార బ్యాంకులకు సహకార చట్టం కింద సొంత దారి ఉంది. అంటే పొలం మీదికి అసలు రారని అనుకోవద్దు, రావడానికి టైం పడుతుందని అనుకోండి. వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, ఇంటికి రాకూడదు.

మా డ్వాక్రా గ్రూపు పొదుపు డబ్బు తీయనివ్వడం లేదు, లోను ఉందని.

గ్రూపు లోను 10 లక్షల లోపుంటే తనఖా, మార్జిను అడగకూడదు, గ్రూపు పొదుపు ఖాతాను ఆపి ఉంచకూడదు. రిజర్వ్ బ్యాంకు మాస్టర్ సర్క్యులర్‌లో ఉన్న మాటే ఇది. లీడరమ్మ ఒక్కతే వెళితే ‘తర్వాత రామ్మా’ అంటారు, తీర్మానం పుస్తకం పట్టుకుని పదిమందీ వెళ్లండి.

బామ్మర్ది లోనుకు జామీను సంతకం పెట్టమంటున్నాడు. ‘ఊరికే సంతకమే కదా బావా’ అంటున్నాడు.

1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుకూ అంతే. ముందు అతణ్ణి అడిగాకే నా దగ్గరికి రావాలి అనడానికి లేదు, బ్యాంకు నేరుగా మీ మీదికి రావచ్చు. అతను వాయిదాలు ఎగ్గొడితే మీరు అప్పులు ఎలా కడతారో చూపే సిబిల్ స్కోరు పడుతుంది, మీ కూతురి చదువు లోనుకు అది అడ్డొస్తుంది. పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను జోక్యం చేసుకోను.

నామినీగా నా పేరుంది. నాన్న ఖాతా డబ్బంతా నాదేనా?

బ్యాంకు మీకే ఇస్తుంది, కానీ మీరు వారసులందరి తరఫున తీసుకున్నట్టు. నామినీ యజమాని కాదని సుప్రీంకోర్టు 1984లో బీమా పాలసీ కేసులో, 2010లో బ్యాంకు డిపాజిట్ కేసులో చెప్పింది. అక్కచెల్లెళ్లకు వాటా ఉంటే అది వాళ్లకు ఇవ్వాల్సిందే, వీలునామా ఉంటే దాని ప్రకారం.

2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరు అన్న పద్ధతే. నామినీ పేరు లేకపోతేనే అసలు తిరుగుడు మొదలవుతుంది, వారసుల సర్టిఫికెట్టు, అఫిడవిట్టు, అందరి సంతకాలు, అందులో ఒకరు బెంగళూరులో, ఇంకొకరు కువైట్‌లో. కడప జిల్లాలో కువైట్ ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. ఈ వారమే వెళ్లి నామినీ రాయించండి, రసీదు అడగండి, పాస్‌బుక్‌లో ‘నామినేషన్ నమోదైంది’ అని పడేలా చూడండి.

ఫోన్లో ఎవరో మాట్లాడి డబ్బు లాగేశారు. వెనక్కొస్తుందా?

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత ఏడవండి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది, మొదటి గంటలో ఆపగలిగితేనే ఆగుతుంది. వెంటనే బ్యాంకుకూ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

రిజర్వ్ బ్యాంకు 2017 జులై నిబంధనల ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిరోజుల్లో చెబితే మీకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే మామూలు పొదుపు ఖాతాకు 10,000 దాకా మీరు భరించాలి. తప్పు ఖాతాదారుడిదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకుది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నష్టమే, చేసిన తర్వాత పోయేది బ్యాంకు నష్టం. అందుకే ఫిర్యాదు చేసిన టైం ముఖ్యం. ‘డిజిటల్ అరెస్టు’ అని వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో కనబడేవాణ్ణి చూసి టెన్షన్ పడకండి, అలాంటి అరెస్టు మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు.

ఉల్లి వ్యాపారి ఇచ్చిన చెక్కు బౌన్సయింది.

కర్నూలు మార్కెట్‌లో ఇది ఏటా వినే మాటే. తేదీలే ప్రాణం. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి, బౌన్సయిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. ‘వచ్చే సంత రోజు ఇస్తాలే అన్నా’ అంటూ అతను నెలలు దాటించేది ఈ గడువు తప్పించడానికే.

తాతగారి పాత పాస్‌బుక్ దొరికింది. డబ్బు ఉంటుందా?

ఉంటుంది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది, పదేళ్లు దాటితే ఆ సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిధికి వెళుతుంది. అక్కడికి వెళ్లినా మీ హక్కు పోదు, ఎప్పుడైనా ఆ బ్యాంకు ద్వారానే అడగొచ్చు. రిజర్వ్ బ్యాంకు ‘ఉద్గమ్’ పోర్టల్‌లో పేరుతో వెతకండి, పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, మన ఇంటిపేర్లను బ్యాంకువాళ్లు ఎలా రాసి ఉంటారో దేవుడికే ఎరుక.

బ్యాంకు మాట వినకపోతే ఎవరికి చెప్పాలి?

బ్రాంచి మేనేజరుకు రాతలో ఇవ్వండి, మెయిలైనా సరే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో చేయొచ్చు, కాయితం మీద రాసి చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులో పంపొచ్చు, సందేహాలకు 14448. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా అక్కడికి వెళితే తిప్పి పంపుతారు, అందుకే ఆ మొదటి కాయితం మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి. కోర్టులో ఉన్న విషయాన్ని వాళ్లు ముట్టుకోరు. ‘లోను ఎందుకివ్వలేదు’ అన్నదాన్ని కూడా చాలావరకు బ్యాంకు వ్యాపార నిర్ణయమనే వదిలేస్తారు.

పది రూపాయల నాణెం మా ఊళ్లో ఎవరూ తీసుకోవడం లేదు. చెల్లదా?

చెల్లుతుంది. రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ, పది గీతలదీ పదిహేను గీతలదీ, 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. బస్సులో కండక్టరు వద్దంటాడు, కొట్టువాడు వద్దంటాడు, ఎవడో మొదట వద్దన్నాడని అందరూ వద్దంటున్నారు, అంతకుమించి కారణం లేదు. బ్రాంచిలో మాత్రం కాదనడానికి లేదు, వందేసి చొప్పున కవర్లలో కట్టి తీసుకెళితే లెక్క తొందరగా తేలుతుంది.